పాత గాలి

ఒందారోవా రేవులో, మూతపడ్డ చేపల డబ్బాల ఫ్యాక్టరీ పైగదిలో
గరాసి ఆట రాస్తోంది.
ఆంచోవీల కోసం రాత్రి వేటకెళ్ళే పడవ ఆట.
తుపాకుల్లేవు. ఒక దీపం, ఒక వల, బోలెడు చీకటి.

అందరూ వాడే ఇంజన్ ఉంది కదా, అన్నాడు బెన్యాత్.
సముద్రం తయారుగా వస్తుంది,
అలలు ఎంతెత్తు లేవాలో ఒక మీట జరిపితే చాలు.
ఇరుక్కుంటే చెప్పేవాళ్ళు లక్షమంది.
నీ ఫోర్త్‌కి ఎవరున్నారు?
జర్మనీలో ఒకాయన ఉన్నాడు, అంది గరాసి.
ఉత్తరం రాస్తే మూడు వారాలకి జవాబిస్తాడు.

ఊరందరిదీ ఒక దారైతే...
పక్కగదిలో అద్దెకున్న నాకు సామెత గుర్తొచ్చింది,
పైకి అనలేదు.

ఆ భాషలో ముందు వస్తువులు, తర్వాతే పని.
మూడు, నాలుగు, కూడు.
పడవ, దక్షిణం, తిప్పు.
అంకెల్ని పళ్ళేల్లా దొంతర పెట్టాలి,
పైదాన్నే ముందు తియ్యాలి.
అంతా తలకిందులు, అన్నాడు బెన్యాత్.
గరాసి తన బాస్క్‌లో ఏదో అంది, క్రియని చివర్న పడేసి.
నాకు నవ్వొచ్చింది.
వడ్డించాకే కదా మేమూ తినమనేది.

ఫిబ్రవరంతా శబ్దం లేదు.
స్పీకర్‌తో మాట్లాడే మాటలు ఎవరూ రాసిపెట్టలేదు, తనే రాసుకుంది.
పదకొండో రోజున వినిపించింది అల కాదు,
తడిగోడ మీద మేకుతో గీసినట్టు ఒక కీచు.
మార్చిలో చేపలు ఆకాశంలోకి ఈదాయి.
దొంతరలో ఎక్కడో ఒక అంకె తియ్యకుండా మిగిలిపోయింది,
ఆ చోటు దొరకడానికి నాలుగు రాత్రులు, కాఫీ, తిట్లు.
ఏప్రిల్లో బెన్యాత్ బిల్బావోలో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు,
గీసిన బొమ్మలూ, తన కుర్చీ కూడా వదిలేసి.
తలుపు దగ్గర, నీది మొండితనం, అన్నాడు.
అవును. కానీ ఇందులో ప్రతి మాటా నాకు తెలుసు.

మాట అనే అంటారు అందులో, ప్రతి చిన్న పనినీ.
రెండు చుక్కలతో మొదలుపెట్టి
చుక్కా కామాతో ముగిస్తే
మధ్యలో చెప్పిందల్లా కొత్త మాటై కూర్చుంటుంది.
వల. దీపం. లాగు. తడి.
చివరికి ఆటంతా ఒకే మాట: గౌ.
అంటే వాళ్ళకి రాత్రి.

జూన్‌లో జాలర్ల సంఘం హాల్లో పెట్టింది ఆటని.
వలలు బాగుచేసే ఇత్సియార్ చేతిలో సూదితోనే వచ్చింది.
డెబ్బై తొమ్మిదేళ్ళ ఫెర్మిన్
చుక్కాని పట్టినట్టు పట్టాడు జాయ్‌స్టిక్.
ఒక్క నిమిషం. తల అడ్డంగా ఊపాడు.
ఈ గాలి తప్పు.
దక్షిణపు గాలి ఇంత నిమ్మళంగా రాదు పిల్లా,
ఆగి, ఆగి, చెంప మీద కొడుతుంది.

ఆట ఆపలేదు గరాసి.
పడవ నడుస్తుండగానే, పక్కన కీబోర్డు మీద
హెగో అనే మాటకి కొత్త అర్థం చెప్పింది,
ఆ కిందే కొత్త పడవ ఒకటి.
అది నీళ్ళలోకి దిగి గాలికి ఒరిగింది.
హాల్లో ఫెర్మిన్ కాళ్ళు ఎడంగా సర్దుకున్నాయి.

పాత పడవ మాత్రం పాత గాలిలోనే పోతోంది.
ఆ భాష నియమం అంతే: ముందే పుట్టిన మాటలకి
పుట్టినప్పుడు విన్న అర్థమే తెలుసు.
గరాసి మొహం ఎర్రబడింది.
ఉండండి, మొత్తం మళ్ళీ ఎక్కిస్తాను...

వద్దు, అన్నాడు ముసలాయన, తెర మీదికి వంగి.
అది మా అన్న పడవ.
వాడూ అంతే,
నిన్నటి గాలినే నమ్ముకుని వెళ్ళేవాడు.

ఎవరూ ఏమీ అడగలేదు.
ఇత్సియార్ చేతిలో సూది ఆగింది, మళ్ళీ కదిలింది.

నలభై మూడు కాపీలు అమ్ముడయ్యాయి ఆ ఏడాది.
ఒకటి కొనుక్కున్న జర్మనీ ఆయన
మూడు వారాల తర్వాత రాశాడు:
మీ ఆటలో ఒక పడవ గాలి మాట వినడం లేదు.

గరాసి జవాబు నాకు చూపించింది.
అందులో ఉన్నది ఒక్క క్రియే.
తెలుసు.